ఒంటిమిట్టకని చెప్పి

నా స్నేహితురాలి మొగుడంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఊళ్లో ఎవరిని అడిగినా ఆయన మంచివాడనే అంటారు. తాగడు, పేకాడడు, పెళ్లాం మీద చెయ్యెత్తడు. నందికొట్కూరులో ఎరువుల అంగడి ఉంది. శనివారం ఒంటిపూట భోజనం, ఏటా ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి ప్రయాణం. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. వినేవాళ్ల నోళ్లన్నీ ముందే మూయించి పెట్టుకున్నాడు కాబట్టి ఆయనకు గొంతుతో పనిలేదని నా అభిప్రాయం. ఒకసారి ఫోనులో ఈ మాట ఆమెతోనే అన్నాను. “అట్లనొద్దుమే, మంచోడే” అని ఫోను పెట్టేసింది.

ఆమెను కాలేజీ హాస్టల్లో మేము మిడత అని పిలిచేవాళ్లం. కర్నూలులో డిగ్రీ చదివిన మూడేళ్లూ లాంగ్‌జంప్‌లో ఆమెను దాటినవాళ్లు లేరు. సన్నటి మనిషి, పొడుగు కాళ్లు. దూకి ఇసుకలో పడి, లేచి, ఓణీకి అంటిన ఇసుక దులుపుకుంటూ నవ్వేది. పరీక్షలు రాసిన వేసవిలోనే పెళ్లి చేసేశారు. నేను కర్నూలులో లెక్కల టీచరునయ్యాను. వాళ్ల ఊరు బస్సులో గంట దూరం కూడా ఉండదు. అయినా పెళ్లయ్యాక ఆమెతో ఒక్క అరగంట ఒంటరిగా కూర్చున్న గుర్తు నాకు లేదు. నేను వచ్చానని తెలిస్తే చాలు, ఆయన అంగడి వదిలేసి ఇంటికొచ్చేవాడు. మా ఇద్దరి మధ్య కుర్చీ వేసుకుని పేపరు తెరిచేవాడు. “ఒళ్లెట్లుందే” అని నేను ఆమెను అడిగితే, “బాగనే ఉండాది టీచరమ్మా” అని పేపరు వెనక నుంచి ఆయన జవాబు చెప్పేవాడు. పక్క మంచం మీద ఆయన తల్లి, మాట పలుకు లేకుండా, వక్కలు కత్తిరిస్తూ ఉండేది. నేను కాఫీ తాగి, తాంబూలం తీసుకుని, లోపల కుతకుత ఉడికిపోతూ బస్సెక్కేదాన్ని.

పోయిన చలికాలం నేను రిటైరయ్యాక గండికోట ప్రయాణం అనుకున్నాం. మొత్తం నలుగురం, హాస్టల్ నాటి స్నేహితురాళ్లం. మూడో ఆమె కడపామె, పుట్టిల్లు కడప గానీ కాపురం కర్నూలులోనే. భర్త కాంట్రాక్టరు, ఇంట్లో పెద్ద కారు. డ్రైవరును పెట్టుకోదు, తనే నడుపుతుంది, నడుపుతూ మాట్లాడుతుంది, మాట్లాడుతూ వెనక్కి తిరిగి మన మొహం చూస్తుంది. మనసు మంచిదే గానీ నోటికి మూత లేదు. నాలుగో ఆమె గాజులామె, ముస్లింల ఇంటి మనిషి. కర్నూలు పాతూర్లో వాళ్లది తాతల నాటి గాజుల అంగడి. పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని కబుర్లు చెబుతూ నొప్పి తెలియకుండా మట్టిగాజులు తొడిగేస్తుంది. భర్త పోయాక అంగడి తనే చూసుకుంటోంది. మాలో తక్కువ మాట్లాడేదీ, ఎక్కువ నవ్వించేదీ ఆమే.

వాట్సాప్ గ్రూపులో అందరం తేదీ అనుకున్నాక, మిడత “నేను రాలేను” అని పెట్టి పక్కన దండం బొమ్మ పెట్టింది. ఆ దండం చూసి నాకు ఒళ్లు మండింది. నేను ఏదో ఒకటి అనేలోపే కడపామె నేరుగా ఆయనకే ఫోను చేసింది. “అన్నా, ఒంటిమిట్టకు పోతాండాం. నాకు మొక్కుండాది. నీ భార్యను గూడ పంపియ్యన్నా, నీకూ పుణ్యమొస్తాది.” ఆయన కాసేపు ఆలోచించి, “దేవుని దగ్గరికంటే నేనేంటికి కాదంటా తల్లీ” అన్నాడట.

మా వైపు పెళ్లయిన ఆడది రెండు రోజులు ఇల్లు వదలాలంటే కాన్పో, చావో, దేవుడో ఉండాలి. కాన్పుల వయసు మాకు దాటిపోయింది, చావులు చెప్పి రావు. అందుకని దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటాం. శ్రీశైలమని చెప్పి పుట్టింటికి పోయొచ్చిన ఆడవాళ్లు మా అమ్మ తరంలోనూ ఉన్నారు. వాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఎవరో ఒకరి చేత విభూతి తెప్పించుకుని కొంగున కట్టుకునేవాళ్లు. కాబట్టి ఈ అబద్ధం మాకు కొత్తగా అనిపించలేదు. కానీ ఇందులో ఆమెకు ఏం పోతుందో నలుగురికీ తెలుసు. ఆయన లేకుండా ఆమె గడప దాటడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. పట్టుబడితే ఇదే ఆఖరిసారి. ఆయన కొట్టడు, తిట్టడు. ఇంకోసారి పంపడు, అంతే. మా ఫోనులకు కూడా ఆయనే పలుకుతాడు.

బయలుదేరిన పొద్దున ఆయనే ఆమె సంచి మోసుకొచ్చి డిక్కీలో పెట్టాడు. పక్కన రాములవారికని టెంకాయలు పెట్టాడు, దొర్లకుండా గోనెసంచి సర్ది మరీ. “నీసు ముట్టకండి తల్లీ, దేవుని పయనం” అన్నాడు అందరికీ వినబడేలా. తర్వాత నా వైపు వంగి, “టీచరమ్మా, నువ్వుండావని పంపిస్తాండా. తోడ్కోని పోయినట్లే తోడ్కోని రావాల” అన్నాడు. అప్పిచ్చిన వస్తువును జాగ్రత్తగా తిరిగివ్వమన్నట్టు ఉంది ఆ మాట. నేను నవ్వాను. అలాంటి నవ్వు నవ్వినందుకు నంద్యాల దాకా నా మీద నాకే చిరాకు.

నంద్యాల దాటగానే మొదటి ఫోను. “యాడుండారు?” ఒంటిమిట్టకయితే ఆళ్లగడ్డ రోడ్డు పట్టాలి. మేము కోవెలకుంట్ల రోడ్డులో జమ్మలమడుగు వైపు పోతున్నాం. మిడత ఫోను చేత్తో మూసి బిత్తరపోయి చూసింది. గాజులామె తన ఫోనులో మ్యాపు తెరిచి, “ఆళ్లగడ్డ దగ్గరికొచ్చినాం అను” అంది. అలా మొదలైంది. మా కారు ఒకటి, ఆయన మనసులో పరుగెత్తే కారు ఇంకొకటి. ఆయన కోసం ఆ కారును గాజులామె మ్యాపులో నడిపిస్తూ వచ్చింది. “చాగలమర్రి దాటిండాల ఇప్పటికి. దువ్వూరులో టీకని ఆపు కారు.” మొదట మిడత ఆమె అందించిన మాటనే అప్పజెప్పింది. మూడో ఫోనుకు ఆమెకే సరదా పుట్టింది. “దువ్వూరులో టీ తాగినాం. యాలక్కాయ వేయల్యా, ఉత్త నీళ్లు” అని తనంతట తనే చెప్పింది. ఫోను పెట్టేశాక మా ముగ్గురి మొహాలు చూసి, హాస్టల్లో నవ్వినట్టు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో. నాకు సంతోషం వేసింది, ఆ సంతోషం వెనకే ఆ మనిషి మీద ఇంకాస్త కోపం కూడా వచ్చింది.

కోవెలకుంట్ల దాటాక వేపచెట్టు కింద ఆగి తిన్నాం. నేను జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి తెచ్చాను. గాజులామె డబ్బా విప్పితే కోడికూర. “పయనం ఒంటిమిట్టకంట కదా, నేనే తింటాలే” అంది కొంటెగా. మిడత ఏమీ మాట్లాడకుండా రొట్టె తుంచి ఆమె డబ్బాలో ముంచింది. రెండోసారి కూడా ముంచింది. ఆయన కారులోని మిడత ఆ సమయానికి మైదుకూరులో పెరుగన్నం తింటోంది.

గండికోట గురించి నన్నడిగితే, రాయి, నీళ్లు బాగున్నాయి, మనుషులే బాగాలేరు. సెలవురోజు కావడంతో కోట లోపలంతా కార్లు. చేతిలో స్పీకరు పెట్టుకుని పాటలు మోగించే కుర్రాళ్లు. పెళ్లికి ముందు ఫొటోలట, ఒక అమ్మాయి నేలంతా ఊడ్చే గౌను వేసుకుని బండ మీద పడుకుంటే, ఫొటోగ్రాఫరు “నవ్వొద్దు మేడం, దూరంగా చూడండి” అంటున్నాడు. కడపామె కూడా వాళ్లకేం తీసిపోలేదు. అడుగడుక్కీ మమ్మల్ని నిలబెట్టి ఫొటో. “ఇట్ల తిరుగుమే, ఎండ మొగాన పడనీ” అంటుంది. ధాన్యం కొట్టు దగ్గర నేను, “నీ ఫొటోలకు నిలబడడానికి రాలేదు” అనేశాను. “నీకు పళ్లు కనపడ్తే పన్ను కట్టాలేమో” అని ఆమె. అక్కడినుంచి ఇద్దరం చెరో వైపు మొహాలు పెట్టుకుని నడిచాం.

మిడత అంచు దాకా వెళ్లి ఒక బండ మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. కింద ఎర్రటి రాతిగోడల మధ్య పెన్న నిండుగా నిలబడి ఉంది. నేను భయపడుతూనే వెళ్లి పక్కన కూర్చున్నాను. మిగతా ఇద్దరూ మజ్జిగ కోసం పోయారు. నేను ఇన్నేళ్లుగా అడిగిన అరగంట అది. ఆయన గురించి చెబుతుందని, ఏడుస్తుందని, తిడుతుందని ఎదురు చూశాను. నిజం చెప్పాలంటే ఆమె తిడితే వినాలని ఆశపడ్డాను. ఆమె తన మోకాళ్ల నొప్పి గురించి చెప్పింది. నీళ్లు ఇంత కిందికి ఉంటాయని అనుకోలేదంది. చాలాసేపటికి, “ఈడ ఎవురూ నన్ను ఏమీ అడగరు కదుమే” అంది. ఏదో ఒకటి అందామని నోరు తెరిచేసరికి ఆమె ఫోను మోగింది.

ఈసారి వీడియో కాల్. “గుడి చేరినారా? అమ్మ గోపురం చూస్తానంటాది, చూపీ” అన్నాడు. ఆమె కెమెరాను తన మొహానికి ఇంకా దగ్గరగా పట్టుకుంది, వెనక పెన్న కనబడకుండా. అప్పుడే మజ్జిగ గ్లాసులతో వస్తున్న కడపామె, విషయం చూసి, గ్లాసులు బండ మీద పెట్టి ఫోను లాక్కుంది. “ఒక్క నిమిషం అన్నా, సిగ్నల్ ల్యాదు, బయటికొచ్చి చూపిస్తా” అని కాల్ కట్ చేసి, మమ్మల్ని కోట లోపలి మాధవరాయస్వామి గుడి వైపు పరుగెత్తించింది. పాత గుడి. లోపల విగ్రహం లేదు, పూజ లేదు. గోపురం మాత్రం నిలువెత్తుగా, దర్జాగా నిలబడి ఉంది. గోపురమంటే గోపురమే, ఎవరికి తెలుస్తుందని ఆమె ధైర్యం. అరవై దాటిన నలుగురు ఆడవాళ్లం ఒక శిథిలమైన గుడి ముందు కొంగులు నెత్తిన వేసుకుని బుద్ధిగా నిలబడ్డాం. కాల్ కలిసింది. కడపామె ఫోను పైకెత్తి గోపురం చూపించింది. గాజులామె పక్కకు తప్పుకుని, స్టీలు డబ్బా మూత మీద చెంచాతో గంట కొట్టడం మొదలుపెట్టింది. ఆ తెరలో ముసలమ్మ మంచం మీద లేచి కూర్చుని దండం పెట్టింది. వెనక ఆయన కూడా కళ్లు మూసుకుని చేతులు జోడించాడు.

కళ్లు తెరిచాక, “దర్శనం బాగయిందా?” అన్నాడు. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కడపామెకు అబద్ధం కూడా కాస్త దండిగా వడ్డించాలి. “శానా బాగయిందన్నా. రాత్రి ఈడనే ఉండి, పొద్దున్నే సుప్రభాతం సేవ గూడ చూసుకోని బయల్దేరతాం” అంది. “మంచిది తల్లీ” అని ఆయన పెట్టేశాడు. గాజులామె చెంచా డబ్బాలో వేస్తూ, “నన్నేమీ అనడులే మీ రాముడు, నా అంగట్లో గాజులు కొనేది ఆయప్ప పెండ్లికే” అంది. అందరం నవ్వాం. మిడత కూడా నవ్వింది గానీ ముందులా కాదు.

సాయంత్రం బసకు చేరాక కడపామెకు పాపభయం పట్టుకుంది. మంచం మీద కూర్చుని చెంపలు వేసుకుంటూ, “రాముని పేరు చెప్పి అబద్ధమాడినాం. పూజలేని గుడికి దండం పెట్టించినాం, అదీ ఒక ముసలామె చేత. తెల్లారే లేసి ఒంటిమిట్టకు పోదాం పాండి. అప్పుడు అబద్ధం నిజమైపోతాది” అంది.

“నీ నోటితో ఆడిన అబద్ధానికి మేమెందుకు తిరగాలి?” అన్నాను. “రేపు కూడా ఇక్కడే ఉంటాం. ఆయన పంపిన చోటికి పోవడానికి నేను రాలేదు.”

“నీకేమ్మే. మొగుడు ల్యాడు, అడిగేవాడు ల్యాడు.”

“మొగుడు లేడు కాబట్టే ఈ గదిలో నోరున్నది నాకొక్కదానికే” అన్నాను. ఆమె మొహం ఎర్రబడింది. నాకు ఏమీ జాలి కలగలేదు. ఇంకా రెండు అన్నాను, అవి ఇక్కడ రాయను. ఆమె కూడా నా రిటైర్మెంటు సన్మానంలో నా చీర గురించి ఇన్నాళ్లూ దాచుకున్న మాట బయటపెట్టింది. గాజులామె దుప్పటి ముసుగు లాక్కుంటూ, “గమ్మునుండండమ్మా, ఆయమ్మ నిద్రపోతాంది” అంది. మిడత గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోలేదని నాకు తెలుసు. రేపు ఎక్కడికి పోదామో ఆమెను మాత్రం ఎవరమూ అడగలేదు.

పొద్దున బస బయట ఒక బండి దగ్గర కారం దోసెలు తింటున్నాం. నేనూ కడపామే మాట్లాడుకోవడం లేదు. మిడత ఫోను మోగింది. చేతికి కారం అంటుకుని ఉంది కదా, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

“నేను ఒంటిమిట్టలో ఉండా” అన్నాడు ఆయన. “రాత్రి బస్సుకు వచ్చినా. గుడి ముందర అరుగు మీద కూర్చోనుండా. మీరు యాడుండారు?”

కడపామె ఫోను దగ్గరికి వంగి, “అన్నా, మేమిప్పుడే సేవ చూసుకోని...” అని మొదలుపెట్టింది.

“తల్లీ, అబద్ధాలాడి అలిసిపోయుంటావు, కూర్చో” అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా. “నిన్న మీరు చూపించిన గోపురం ఈడ ల్యాదు. ఏటేటా వచ్చేవాన్ని, నాకు తెలీదా? అమ్మ ముందర అనేదేంటికని అనలేదు. ఇప్పుడు గూడ ఏమీ అనను. మీరు వచ్చేదాకా ఈడనే కూర్చోనుంటా. పచ్చినీళ్లు ముట్టను. షుగరు మాత్ర గూడ వేసుకోలేదు. నిదానంగా రాండి.” పెట్టేశాడు.

ఇంతకన్నా చెడ్డ పని నేను చూడలేదు. అరిచి ఉంటే, తిట్టి ఉంటే ఎదురు మాట్లాడేవాళ్లం. తన ఆకలిని తెచ్చి ఆమె పళ్లెంలో పెట్టాడు. అలా పెట్టడానికి రాత్రంతా బస్సులో కూర్చుని, ముసలి తల్లిని పక్కింటివాళ్లకు అప్పగించి మరీ వెళ్లాడు. కడపామె అప్పటికే చెయ్యి కడుక్కుని కారు తాళాలు తీసింది. “షుగరు మనిషి మే. ఏమన్నా అయితే మన మెడకు చుట్టుకుంటాది. లేయండి, మధ్యాహ్నానికి పోతాం.” నేను కదలనని చెప్పాను. “నువ్వు వెళ్తే ఇంకెప్పుడూ వాడి గుప్పిట్లోంచి బయటికి రాలేవు” అని మిడత మీద కేకలేశాను. బండి దగ్గర దోసెలు తినేవాళ్లంతా మా వైపు తిరిగి చూశారు.

గాజులామె ఒక్కతే ఆమె పక్కన కూర్చుంది. “వీళ్లిద్దర్నీ వదిలెయ్. నీకెట్లుంటే అట్ల చేద్దాం. పోదామంటే పోదాం, వద్దంటే వద్దు” అంది.

మిడత దోసె వదల్లేదు. నెమ్మదిగా, ఆఖరి ముక్క దాకా తింది. నీళ్లతో చెయ్యి కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. తర్వాత తనే ఆయనకు ఫోను చేసింది. స్పీకరు పెట్టే మాట్లాడింది.

“మాత్ర మీ చొక్కా జేబులోనే ఉంటాది, చూడండి. వేసుకోండి” అంది. “మధ్యాహ్నం గుడిలో అన్నం పెడతారు, తినండి. నేను గండికోటలో ఉండా. ఇంకా చూసేది ఉండాది. సాయంత్రానికి ఇంటికొస్తా.”

“నువ్వు వచ్చేదాకా లేవనని చెప్తినే.”

“కూర్చోండి” అంది.

ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. కడపామె తాళాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “ఇంగ నన్ను పంపడు” అంది మిడత, మా ఎవరితోనూ కాదు, పెన్న వైపు చూస్తూ. “తెలిసే అట్ల చెప్పినా.” తర్వాత బండి అతన్ని ఇంకో దోసె అడిగింది.

మసీదు చూశాం, నిన్న వదిలేసిన గోడల మీద నడిచాం. కడపామె ఫొటోలు తీయలేదు. మధ్యాహ్నం దాటాక ఆయన నాకు ఫోను చేశాడు. “టీచరమ్మా, నా భార్యను చెడగొట్టినావు” అన్నాడు. “ఎప్పుడో చెయ్యాల్సింది, ఆలస్యమైంది” అన్నాను. అప్పుడు గొంతు పెంచాడు. ఫోను చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది, వెనక గుడి మైకులో ఎవరో ఏదో ప్రకటిస్తున్నా ఆయనే పైన వినబడ్డాడు. చివర్లో, బస్సెక్కుతున్నాననీ, ఇంటికొచ్చాక చూస్తాననీ అన్నాడు. అరుగు మీద నుంచి లేచాడన్నమాట. ఆ మనిషి అరుపు విని నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు.

తిరుగు ప్రయాణంలో కారులో ఎవరమూ పెద్దగా మాట్లాడలేదు. కడపామె ఒకసారి, “పాపం నాకే తగులుతాదేమో” అంటే, “తగలనీ” అన్నాను. నందికొట్కూరు చేరేసరికి వీధి దీపాలు వేశారు. గాజులామె, కడపామె కారులోనే ఉన్నారు. నేను సంచి పట్టుకుని ఆమెతో గడప దాకా వెళ్లాను. ఆయన ఇంకా దారిలోనే ఉన్నాడు. రాత్రి తోడు పడుకున్న పక్కింటామె మమ్మల్ని చూసి తప్పుకుంది. ముసలమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఆ ఇంటికి నేను ఎన్నిసార్లు వచ్చినా ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన్ని కన్న తల్లి, ఆయన తరఫునే ఉంటుంది, ఇక మొదలుపెడుతుంది అనుకుని నేను గడప బయటే కాచుకుని నిలబడ్డాను. ఒక్క మాట తేడాగా వస్తే లోపలికి దూకాలని.

“వస్తివా పాపా. దర్శనం బాగయిందా?” అంది ముసలమ్మ.

మిడత చెప్పులు విడిచింది. “గుడికి పోలేదత్తా. అబద్ధం చెప్పినాం. గండికోట చూసొచ్చినా” అంది.

ముసలమ్మ చేతిలోని అడకత్తెర మంచం మీద పెట్టింది. వీధిలో ఏదో బండి పోయింది. నేను చెప్పులోంచి కాలు తీశాను.

“మా పుట్టింటోళ్ల ఊరు ఆ పక్కనే” అంది చివరికి. “పెండ్లయి ఈ ఇంటికొచ్చినాక మల్ల చూల్లేదు. మీ మామ నన్ను ఆ పక్కకే పోనీల్యా. గుడికంటే శ్రీశైలం తోడ్కోని పోయేవాడు, అంతే.” కాస్త జరిగి మంచం మీద చోటిచ్చింది. “ఏట్లో నీళ్లుండాయా?”

నా కోపం అప్పుడు చల్లారిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇంకొక ఆడదాని జీవితం కూడా వచ్చి అందులో చేరింది. చనిపోయిన ఆ ముసలాయన మీద కూడా నాకు ఆ గడప దగ్గరే కోపం మొదలైంది.

“ఉండాయత్తా” అంది మిడత. “నిండుగా ఉండాయి.”

“యాడి దాకా? చెప్పు. వాడు రాకముందే చెప్పు.”

ఆమె మంచం మీద అత్త పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.